స్నేహితుడైతే ప్రోనోటు తప్పనిసరి

చేబదులు అడిగినవాడు చిన్ననాటి స్నేహితుడైతే, మొహమాటం లేకుండా ప్రోనోటు రాయించుకోండి. ముక్కూమొహం తెలియనివాడికి కావాలంటే నోటిమాట మీదే ఇవ్వండి. వాడు ఎగ్గొడితే డబ్బు ఒక్కటే పోతుంది.

మా నాన్న ఇలాంటి సలహా వినే మనిషి కాదు. 1987లో బోరు వేయించుకుంటానంటే స్నేహితుడి చేతిలో ఆరువేలు పెట్టాడు. కాగితం మాట ఆ స్నేహితుడే ఎత్తితే, ‘మనలో మనకి కాగితాలేమిట్రా’ అని నాన్న కసిరాడు. బోరు పడలేదు. మొదటి ఏడు ఆయన మా అరుగు మీద కూర్చోవడం మానేశాడు. రెండో ఏడు మా వీధే మానేసి, చెరువుగట్టు మీదుగా పొలానికి చుట్టుతిరిగి వెళ్లేవాడు. అడిగితే చిన్నబుచ్చుకుంటాడని నాన్న అడగలేదు. అడగడం లేదంటే కోపం మీదున్నాడని ఆయన అనుకున్నాడు. ఈ సంగతి మాకు నాన్న పోయిన రోజునగానీ తెలియలేదు. పందిరి బయట చెప్పులు విడిచి నిలబడి, ‘లోపలికి రావచ్చా బాబూ’ అని ఆయన నన్ను అడిగాడు. ఒకే పలక మీద అక్షరాలు దిద్దుకున్న ఇద్దరు పందొమ్మిదేళ్లు మాట్లాడుకోలేదు.

అందుకే చెబుతున్నాను. మీ స్నేహం ఎంత పాతదైతే కాగితం అంత అవసరం. తెల్లకాగితం, రూపాయి రెవెన్యూ స్టాంపు, దాని మీదుగా సంతకం, తేదీ, మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ. వడ్డీ వద్దనుకుంటే ‘వడ్డీ లేదు’ అని కూడా రాయించండి. రేటు మాటే లేని నోటు మీద చట్టం ఏడాదికి నూటికి 18 చొప్పున కట్టించవచ్చు. 20,000, ఆపైన అయితే నగదుగా కాక బ్యాంకు ద్వారానే పంపండి. ఇంట్లోవాళ్లకు ఇద్దరూ చెప్పండి. భార్యకు తెలియకుండా తెచ్చిన అప్పు అతన్ని రెండు గుమ్మాల దగ్గర దొంగను చేస్తుంది.

ప్రోనోటుకు మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది. ఈలోపు కొంత కట్టి, వెనక వైపు తన చేతిరాతతో చెల్లు వేసి సంతకం చేస్తే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు. ఈ గడువు కోర్టుల కోసం పెట్టిందే. మీరు మాత్రం దాన్ని స్నేహితుడి ఇంటికి వెళ్లే రోజుగా గుర్తుపెట్టుకోండి. మాట్లాడుకోని స్నేహానికీ అదే దోషం పడుతుంది, దానికి గడువెంతో ఏ చట్టమూ చెప్పదు.

అడిగేవాడికీ ఒక మాట. కృష్ణుడి దగ్గరకు వెళ్లి కూడా ఏమీ అడక్కుండా తిరిగొచ్చిన కుచేలుణ్ణి మనం తరతరాలుగా మెచ్చుకుంటున్నాం. ఆయన్ని అనుసరించకండి. అటుకుల మూట చూసి ఇంట్లో గింజలు లేవని గ్రహించే స్నేహితుడు ఆయనకు దొరికాడు. మన స్నేహితులు మామూలు మనుషులు. ఎంత కావాలో, ఎందుకో, ఎప్పటికి తీర్చగలరో చెప్పి అడగండి. ఇవ్వలేనివాడు ‘వచ్చే నెల చూద్దాం’ అనకుండా ఆ పూటే లేదని చెప్పాలి. ఆ రెండక్షరాలు చెప్పలేక ఎదుటివాణ్ణి నెలల తరబడి తిప్పించుకోవడం నేను చూసిన క్రూరత్వాల్లో ఒకటి.

మనసులోనే అప్పు వదిలేసుకోవద్దు. మీరు వదిలేశారని అతనికి తెలియదు, అతను మాత్రం మోస్తూనే ఉంటాడు. వదిలేయాలనుకుంటే నోటు పట్టుకెళ్లి అతని కళ్లముందు చింపండి. నాన్న ఆ పని చేయాలన్నా చింపడానికి కాగితమే లేకపోయింది.

నా స్నేహితుడొకడు 2016 జూన్‌లో నాకు లక్షకు నోటు రాశాడు. 2019లో పదివేలు చెల్లు వేశాడు. 2022 మేలో గడువు దగ్గరపడిందని వాళ్లింటికి వెళ్తే, జేబులన్నీ వెతికి రెండొందలు తీశాడు. ఆ రెండొందలే చెల్లు వేయించాను. సంతకం చేస్తుంటే అతని చెయ్యి వణికింది. వాళ్లావిడ పెసరట్లు వేసింది. కరోనాలో షాపు మూసేశాక ఏయే సామాను ఎంతకు అమ్మాడో, పిల్లవాణ్ణి ఏ బడి మాన్పించాడో తెల్లవారేదాకా చెప్పాడు. పక్కవీధిలోనే ఉంటూ అవేవీ నాకు తెలియవు.