చెదిరిన తల్లి బిడ్డను

నా పేరు ఇటోకావా. సూర్యుడి చుట్టూ తిరిగే చిన్న గ్రహశకలాన్ని. 1998లో అమెరికాలోని న్యూ మెక్సికోలో ఉన్న దుర్భిణికి చిక్కాను. జపాన్ రాకెట్ పరిశోధనలకు ఆద్యుడైన హిదేవో ఇటోకావా పేరు నాకు పెట్టారు. పేరైతే వచ్చింది గానీ నా ముఖం ఎవరూ ఎరగరు. భూమ్మీది దుర్భిణులకు నేనొక వెలుగు చుక్కనే.

2005 సెప్టెంబరులో హయబుసా అనే అంతరిక్ష నౌక వచ్చింది. జపాన్ భాషలో ఆ మాటకు డేగ అని అర్థం. నాకు కొద్ది కిలోమీటర్ల దూరంలో నిలబడి ఫొటోలు తీసింది. పన్నెండు గంటలకోసారి నా చుట్టూ నేను తిరుగుతాను కాబట్టి, అన్ని వైపులా నేనే చూపించుకున్నాను. ఒకే బండ వేర్వేరు ఫొటోల్లో ఏ కోణంలో పడిందో చూసి, అది ఎక్కడుందో లెక్కగట్టారు. నల్లటి ఆకాశం మీద నా అంచును గీసుకున్నారు. రాళ్ళ నీడలు కొలిచి ఎత్తుపల్లాలు తెలుసుకున్నారు. అలా నా రూపం తేలింది: 535 మీటర్ల పొడవు, 294 మీటర్ల వెడల్పు, 209 మీటర్ల మందం. రెండు గింజల వేరుసెనగ కాయలా మధ్యలో సన్నబడిన ఒళ్ళు.

నా ఒక కొసన యోషినోదాయ్ అనే బండ ఉంది. సుమారు 50 మీటర్లు, పదిహేను అంతస్తుల మేడంత. అంతటి బండ లేచిపడాలంటే ఎంత పెద్ద గుంట పడాలి! నా ఒళ్ళంతా వెతికినా అలాంటి గుంట కనబడలేదు. అంటే అది నాకంటే ఎంతో పెద్దదైన తల్లి నుంచి వచ్చిన ముక్క.

నౌకను నేను లాగే బలాన్నిబట్టి నా బరువు తూచారు. అంతే పరిమాణం నీటికి రెండింతలు కూడా తూగలేదు. గట్టి రాయైతే మూడింతలకు పైగా తూగాలి. నాలో దాదాపు 40 శాతం ఖాళీయేనని తేలింది. నేను ఒక్క రాయిని కాను. దెబ్బ తిని చెదిరిన తల్లి ముక్కలు కొన్ని మళ్ళీ ఒకదాన్నొకటి దగ్గరకు లాక్కుని కూడిన రాళ్ళ కుప్పను.

ఆ నవంబరులో హయబుసా నా మీద వాలి, కాస్త ధూళి తీసుకెళ్ళింది. 2010 జూన్ 13న ఆస్ట్రేలియా ఆకాశంలో అది కాలిపోయింది. నా ధూళి ఉన్న పెట్టె మాత్రం పారాచూట్‌తో క్షేమంగా దిగింది. అందులో దొరికిన 1,500కు పైగా రేణువులు ఫొటోలు చెప్పిన కథనే చెప్పాయి. భూమ్మీద తరచూ పడే రాతి ఉల్కలది, నాదీ ఒకటే జాతి. మా రాయి ఒకప్పుడు దాదాపు 800 డిగ్రీల వేడిలో ఉడికింది. అంత వేడి నిలవాలంటే నా తల్లి కనీసం 20 కిలోమీటర్ల వెడల్పు ఉండాలి.

నా ధూళి ఇప్పుడు జపాన్‌లోని సగామిహరలో భద్రంగా ఉంది. వాలే ముందు హయబుసా జారవిడిచిన చిన్న బంతి, దానిలో రాసిన 8,80,000 మంది మనుషుల పేర్లతో సహా, నా దగ్గరే ఉంది.