మా బండికి బారసాల

ఈ ఆదివారం మా కారుకు బారసాల. బంధుమిత్రులందరూ సకుటుంబంగా రావాలి. ఇరవై ఒకటో రోజున చేయాల్సింది ఇరవై ఒకటో ఏట చేస్తున్నాం. కాస్త ఆలస్యమైంది, మన్నించాలి.

ముహూర్తం పెట్టింది కేంద్ర రవాణా శాఖ. ఇరవై ఏళ్లు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ పొడిగించాలంటే ఇకమీదట 10,000 కట్టాలట. మొన్నటిదాకా 5,000. మోటారు సైకిలుకు 2,000. పైన జీఎస్టీ వేరే. ముసలివాళ్లకు రైలు టికెట్లో రాయితీ ఉండేది, 2020లో ఆపేశారు, మళ్లీ ఇవ్వలేదు. ఇప్పుడు ముసలి బళ్ల వంతు వచ్చింది. ఈ దేశంలో వయసు మీరడం నేరమని అర్థమై, మా 2004 మోడల్ మారుతీ వేసుకుని మెకానిక్ భాయ్ షెడ్డుకు వెళ్లాను.

"భాయ్, ఈ బండిల పుట్టినప్పటి సామాను ఇంకా ఏముంది?" అని అడిగాను.

బానెట్ ఎత్తి చాలాసేపు చూశాడు. "ఛాసిస్ నంబరుంది సార్. హారన్ గూడ... కాదు కాదు, అది కరోనా ముందు మార్చినం."

క్లచ్ ప్లేట్లు మూడుసార్లు మార్చాం. రేడియేటర్ రాణీగంజ్‌లో కొన్నది. గేర్‌బాక్సు విజయవాడ ఆటోనగర్ గుజిరీ కొట్టు నుంచి తెచ్చిన దత్తపుత్రుడు. ఇంజిన్ బోరు చేయించాం. సీట్లు, వైరింగు, సైలెన్సర్, అద్దాలు అన్నీ తర్వాత వచ్చినవే. ఫ్లోరుకు తుప్పు పట్టి రేకు వేయిస్తే, ఆ రేకుకూ తుప్పు పట్టింది. అంటే కంపెనీ నాకమ్మిన కారు ఎప్పుడో కాలం చేసింది. ఇప్పుడు నేను నడుపుతున్నది భాయ్, నేను కలిసి ఈ షెడ్డులో సొంతంగా కట్టుకున్న కారు. నిన్ననే వైపర్ బ్లేడు వేశాం కాబట్టి నిన్ననే పుట్టింది. పసిగుడ్డు. పసిగుడ్డుకు పదివేలేమిటి?

"భాయ్, మీటరు సున్నా చెయ్!" అన్నాను.

భాయ్ నవ్వాడు. "అందరు లక్షన్నరను నలభై వేలు జెయ్యమంటరు సార్. సున్నా అడిగింది మీరొక్కరే. సున్నా అంటే ఎవ్వడు నమ్మడు. నలభై అంటే అందరు నమ్ముతరు."

వ్యాపారంలో ఉన్నవాడు, అనుభవంతో చెప్పాడు. అయినా నేను వినలేదు. తిన్నగా పంతులు గారి దగ్గరికి వెళ్లాను.

జాతకం రాయాలంటే పుట్టిన ఘడియ కావాలన్నారాయన. ఇంజిన్‌దా, గేర్‌బాక్సుదా, వైపర్‌దా? మూడూ మూడు నక్షత్రాలు. అన్ని భాగాల వయసూ కూడి సగటు తీస్తే ఆరేళ్లు తేలింది, అంటే బారసాల, అక్షరాభ్యాసం ఒకే ఖర్చులో అయిపోతాయి. గేర్‌బాక్సు గోత్రం దగ్గర కాసేపు ఆగారు గానీ, దత్తత వచ్చింది కాబట్టి మా గోత్రమే చెల్లుతుందని తేల్చారు. పళ్లెంలో బియ్యం పోసి స్పానర్‌తో పేరు రాస్తాం. పేరు నవీన్. బానెట్ మీద దిష్టిచుక్క. కట్నాలు పెట్రోలు రూపంలో స్వీకరించబడును.

నంబరు ప్లేటు సంగతేమిటని మా ఆవిడ అడిగింది. మాది ఏపీ 09. మేము హైదరాబాద్ దాటి ఎక్కడికీ పోలేదు. బండి చుట్టూ ఉన్న రాష్ట్రమే 2014లో టీఎస్ అయింది, 2024లో టీజీ అయింది. రాష్ట్రం పదేళ్లలో రెండుసార్లు కొత్తగా పుట్టగా లేనిది, మా నవీన్ ఒక్కసారి పుడితే తప్పా?

తప్పేనట. ఆర్టీఏ ఆఫీసు ముందు టీ కొట్టు దగ్గర ఏజెంటు నా చెవిలో చెప్పాడు: "పాతదంటే పదివేలతో పోతుంది సార్. సొంతంగా కట్టానన్నారో, అసలు రిజిస్ట్రేషనే ఉండదు."

నిజమే. 2021 చివర్లో మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలో ఒక కమ్మరి సోదరుడు టూవీలర్ ఇంజిన్‌తో, తుక్కు ఇనుముతో, సుమారు 60,000 ఖర్చుతో చిన్న జీపు కట్టాడు. కిక్ కొడితే స్టార్టయ్యేది. దేశమంతా చప్పట్లు కొట్టింది. నిబంధనలు ఒప్పుకోవు, అధికారులు ఏదో ఒకనాడు ఆపేస్తారు, నాకిచ్చి బొలెరో తీసుకో అన్నారు పారిశ్రామికవేత్త ఆనంద్ మహీంద్రా. అలాగే జరిగింది. కన్నబిడ్డను మ్యూజియానికి పంపినట్టు పంపి, ఆ ఇల్లు పెంపుడు బిడ్డను తెచ్చుకుంది. కంపెనీ కొలతలు దాటి బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019లోనే చెప్పింది. అంటే ముక్క ముక్కగా కట్టుకుంటే బండి ముసలిది, ఒక్కసారే కట్టుకుంటే బండి పుట్టనే లేదు. వయసు తేలని ఇలాంటి బళ్లకు బ్రిటన్‌లో క్యూ అక్షరంతో నంబరిచ్చి రోడ్డు మీదికి పంపుతారు. మనకు క్యూ అంటే ఆర్టీఏ ముందు నిలబడేదొక్కటే.

సరే, సున్నా వద్దు, భాయ్ చెప్పిన నలభై వేలే పెట్టి అమ్మేస్తే? ఎవరైనా పట్టుకుంటారా? ఏజెంటు ఫారం 29, ఫారం 30 నా చేతిలో పెట్టాడు. అమ్మేటప్పుడు నింపేవి ఇవే. తిరగేసి చూశాను. ఛాసిస్ నంబరు రాయమంది, ఇంజిన్ నంబరు రాయమంది, తండ్రి పేరు కూడా రాయమంది. బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని మాత్రం అడగలేదు.

అక్కడ నా నవ్వు ఆగిపోయింది.

అమెరికాలో దిగిన మన పిల్లలు మొదటి సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు, కాగితం మీద మీటరు అంకె వేసి అమ్మేవాడు సంతకం పెడతాడు. అక్కడ మీటరు వెనక్కి తిప్పడాన్ని 1972 చట్టం నిషేధించింది, ఇప్పుడు మూడేళ్ల దాకా జైలు. పాడైన మీటరు మార్చి సున్నా పెట్టాల్సి వచ్చినా, పాత అంకె రాసి ఎడమ తలుపు చట్రానికి అంటించాలి. ఇక్కడ 2022 డిసెంబరులో పాత బళ్ల డీలర్లకు ఒక రూలు పెట్టారు. కొట్టులో ఉన్న బండిని బయటికి తీస్తే ఎంత తిరిగిందో రిజిస్టర్లో రాయాలి. కొట్టుకు రాకముందు తిరిగిన లక్ష కిలోమీటర్లు ఎవరు రాయాలి?

"సింగిల్ ఓనర్, డాక్టర్ గారి బండి, నలభై వేలే తిరిగింది" అన్న మాట నమ్మి, భార్య పుస్తెలతాడు కుదువబెట్టి క్యాబ్ కొనుక్కున్న కుర్రాడు ఉంటాడు. నాలుగో నెల ఇంజిన్ పట్టేస్తే వాయిదా ఆగదు. బ్రేకులు, స్టీరింగు లక్షన్నర అరుగుదల అరిగి ఉంటాయి, అతను మాత్రం నలభై వేల ధీమాతో వెనక సీట్లో నలుగురిని కూర్చోబెట్టుకుని నడుపుతుంటాడు. ఘాట్‌రోడ్డు మలుపులో బ్రేకు మీటరు చూసి పడదు.

అయ్యా రవాణా శాఖ వారూ, బండి వయసు మీకు రోజులతో సహా తెలుసు, ఎందుకంటే వయసుకు ఫీజుంది. వారానికోసారి కూరల బజారుకు పోయే రిటైర్డ్ మాస్టారి కారూ, రోజూ మూడొందల కిలోమీటర్లు పరిగెత్తే కారూ మీకొక్కటే, రెండిటికీ పదివేలే. తిరిగిన దూరం మీరడగరు, ఎందుకంటే అది తెలిస్తే లాభపడేది కొనేవాడు, ఖజానా కాదు. మోసపోయినవాడు పోలీసు స్టేషన్ చుట్టూ, వినియోగదారుల ఫోరం చుట్టూ ఇంకో లక్ష కిలోమీటర్లు తిరగాలి. ఆ తిరుగుడుకు మీటరే లేదు.

బారసాల రద్దయింది. మా బండి మీటరు 1,38,412 దగ్గర ఉంది, ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. పదివేలూ కడతాను. ప్రతిగా ఒక్కటే అడుగుతున్నాను: ఫారం 29లో ఒక గీత గీసి, దాని పక్కన "తిరిగిన కిలోమీటర్లు" అని అచ్చు వేయించండి. సిరా ఖర్చు ఎక్కువవుతుందంటే, నా పదివేల్లోంచి మినహాయించుకోండి.