పదేళ్లు గ్యారంటీ, కళ్లు మూసుకోండి

ఫ్రిజ్ కొనబోతే షాపువాడు తలుపు ఢామ్మని మూసి, "పదేళ్లు గ్యారంటీ సార్, కళ్లు మూసుకుని తీసుకెళ్లండి" అంటాడు. కళ్లెందుకు మూసుకోమన్నాడో ఇంటికొచ్చి కార్డు తెరిస్తే తెలుస్తుంది. దాని మీద ఉన్నది వారంటీ. పదేళ్లూ కంప్రెసర్‌కే. మిగతా ఫ్రిజ్‌కు ఏడాది. రబ్బరు, గాజు, బల్బులకు అదీ లేదు. అయినా షాపువాణ్ణి మెచ్చుకోవాలి. నోటితో అబద్ధమాడినా, నిజం చీమతలకాయంత అక్షరాల్లో అచ్చేసి చేతిలో పెట్టాడు.

చట్టం ఈ రెండింటినీ ఎన్నడూ కలిపేయలేదు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టంలో వారంటీ తప్పితే నష్టపరిహారం అడగొచ్చు గానీ, ఆ ఒక్క కారణంతో సరుకు వద్దనలేం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 126వ సెక్షన్లో గ్యారంటీ అంటే పూచీ. అప్పు తీసుకున్నవాడు ఎగ్గొడితే నేను కడతానని మూడోవాడు ముందుకు రావాలి.

మన నాయకులకు మూడోవాడి బెడద లేదు. 'బాబు ష్యూరిటీ, భవిష్యత్తుకు గ్యారంటీ' అంటూ 2023లో తెలుగుదేశం ఊరూరా తిరిగింది. మాటిచ్చేదీ చంద్రబాబే, జామీనూ ఆయనే. ఈ లెక్కన అప్పడిగితే ఏ సొసైటీ గుమాస్తా అయినా దణ్ణం పెట్టి పంపించేస్తాడు. 2024లో బీజేపీ మేనిఫెస్టో పేరే 'మోదీ కీ గ్యారంటీ'.

అందరిలోకీ నిజాయితీపరులు తెలంగాణ కాంగ్రెస్ వాళ్లు. 2023 సెప్టెంబరు 17న తుక్కుగూడలో ఆరు గ్యారంటీలు ప్రకటించి, ఏకంగా కార్డులే పంచారు. ఆడవాళ్లకు ఉచిత బస్సు ఫలితాలొచ్చిన వారంలోపే కదిలింది, కాదనను. కాకపోతే పల్లెవెలుగో ఎక్స్‌ప్రెస్సో ఎక్కాలి. తెల్ల రేషన్ కార్డుంటే కరెంటు ఉచితం, 200 యూనిట్ల దాకా. 201వ యూనిట్ తిరిగిందా, బిల్లు మొత్తం మీదే. ఆడవాళ్లకిస్తామన్న నెలనెలా 2,500 రూపాయలు మాత్రం, తామే పెట్టుకున్న వంద రోజుల గడువు దాటి ఏడాది గడిచినా రాలేదు. అది రబ్బరు, గాజు, బల్బుల పద్దులో పడిపోయి ఉంటుంది. సరుకు వాపసు ఇవ్వాలంటే ఐదేళ్లు ఆగాలి.

ఈ పార్టీల ప్రభుత్వాలు గ్యారంటీకి అసలు అర్థం మరిచిపోయాయనుకుంటే పొరపాటు. కార్పొరేషన్ల పేరిట అప్పులు తెచ్చేటప్పుడు చూడండి. బ్యాంకువాడికి బహిరంగ సభ ఉపన్యాసం చాలదు. రాజ్యాంగం 293వ అధికరణ ఇచ్చిన అధికారంతో సర్కారు పూచీ పడాలి, ఎంతకో ఎన్నాళ్లకో రాసి సంతకం పెట్టాలి. అక్కడ ముగ్గురూ ఉంటారు. కార్పొరేషన్ చేతులెత్తేస్తే కట్టేది ఖజానా. ఆ ఖజానాలో డబ్బెవరిదో, గ్యారంటీ కార్డు బీరువాలో దాచుకున్న ఆవిణ్ణి అడగండి. సబ్బుబిళ్ల మీద జీఎస్టీ కట్టిన రసీదు తీసి చూపిస్తుంది.