వాడి లోకం

సెలవులకు రెడ్డిగూడెం వచ్చిన మా అక్క కొడుకు మామిడితోటలో నులకమంచం మీద ఆట పరిచాడు. 1974లో అమెరికాలో గైగాక్స్, ఆర్నెసన్ అనే ఇద్దరు బయటికి తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్. ఒకడు కథ నడుపుతాడు, తక్కినవాళ్లు తలా ఒక వేషం కట్టి ఏం చేస్తారో నోటితో చెబుతారు. ఎటూ తేలని చోట ఇరవై ముఖాల పాచిక తీర్పు చెబుతుంది. కథ జరిగే లోకాన్ని మాత్రం మావాడు సొంతంగా కట్టాడు. పేరు నూజివీటి సీమ. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు నూజివీడు ఏలూరు వైపు, రెడ్డిగూడెం ఎన్టీఆర్ జిల్లాలోకి పోయాయి గానీ, మా కాయ ఇప్పటికీ నూజివీడు పేరుతోనే చెలామణీ అవుతోంది. వాడూ అదే ఉంచాడు.

ఆటలో డ్రాగన్ కనపడగానే పిల్లల్లో ఒకడు కత్తి దూశాడు.

"ఆగరా! సినిమా అనుకున్నావా? ఇక్కడ డ్రాగన్ చెరువుకి కాపలా. చంపితే ఊరికి నీళ్లుండవు."

చిన్నది రసాలు కోయబోయింది. చెట్టును అడిగి కోయాలట, అది మాట్లాడుతుందట. ఇంకొకడు రాజుగారికి ఫిర్యాదు చేస్తానన్నాడు. ఆ సీమలో రాజే లేడు. పిల్లలు ఒకటనుకోవడం, వీడు కాదనడం. సగం పొద్దు ఇదే.

పక్కన జ్యూస్ ఫ్యాక్టరీకి పోయే కలెక్టర్ రకం కాయలు ట్రాక్టరుకి ఎత్తిస్తున్న మా నాన్న వచ్చి కూర్చున్నాడు. "నాకూ ఓ వేషం ఇవ్వరా."

రైతు వేషం ఇచ్చారు. నాన్న పిల్లలకన్నా బాగా ఆడాడు. డ్రాగన్‌కి దణ్ణం పెట్టాడు. చెట్టును బతిమాలి పాచిక వేస్తే పదిహేడు పడింది, బండెడు చిన్నరసాలు దిగాయి.

"సంతకు చేరావు తాతయ్యా. షావుకారు ఎదురొచ్చాడు. ఏం చేస్తావు?"

"చేసేదేముంది? వాడు చెప్పిన రేటుకి దింపేసి, తరుగు పోను ఇచ్చింది తీసుకుని ఇంటికొస్తా."

"తాతయ్యా, నువ్వూ పొరబడ్డావు! ఈ లోకంలో పండించినవాడే రేటు చెబుతాడు. ఇష్టమైతే షావుకారు కొంటాడు, లేకపోతే పోతాడు."

నాన్న వాడి మొహంలోకి చూశాడు. పాచిక మంచం మీద పెట్టి, తువ్వాలు దులుపుకుని లేచాడు.

"నిప్పులు కక్కే బల్లి అన్నావు, సరే అన్నా. మాట్లాడే చెట్టన్నావు, సరే అన్నా. కథకైనా ఓ హద్దుండొద్దంట్రా?"