రెండు కొసల రోడ్డు

బెజవాడ బెంజ్ సర్కిల్లో ఇరుక్కుని హారన్ మోగించేవాళ్ళకు నేను ఉత్త బందరు రోడ్డుని. కాగితాల్లో మాత్రం 65వ నంబరు జాతీయ రహదారిని. పుణెలో బయలుదేరి షోలాపూరు, హైదరాబాదు, సూర్యాపేట, నందిగామ దాటి, ఈ ఫ్లైఓవర్ల కిందుగా దూరి బందరు చేరతాను.

ఒకప్పుడు జగ్గయ్యపేటకూ కోదాడకూ నడుమ రాజ్యమే మారిపోయేది. ఇటు 1855 నాటి కృష్ణా ఆనకట్ట నీళ్ళు, వరిచేలు. అటు నైజాం, వెట్టి. దొర కచ్చడం బండి కదిలితే ముందొకడు, వెనకొకడు వెట్టివాళ్ళు పరుగెత్తాలి. ఎద్దులు అలిసిపోతే ఆపేవాళ్ళు గానీ మనిషి రొప్పితే ఆపేవాళ్ళు కాదు. కూతుర్ని అత్తారింటికి పంపేటప్పుడు సారెతో పాటు ఆడబాప అనే దాసినీ పంపేవాళ్ళు. బానిసత్వమంటే సంకెళ్ళే ఉండాలా ఏం?

1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాక కమ్యూనిస్టుల వెంట ఊళ్ళు దొరల మీద తిరగబడ్డాయి. నైజాం పక్షాన దాడులు చేసే రజాకార్లకు జడిసి మూటాముల్లెలతో జనం ఇటు వచ్చారు. చీకటి మాటున ఆయుధాలు అటు వెళ్ళాయి.

1948 సెప్టెంబరు 13న మేజర్ జనరల్ రుద్ర నడిపిన భారత సైన్యం నైజాం మీదికి బెజవాడ వైపు నుంచి కదిలింది. పొద్దున ఎనిమిదిన్నరకు కోదాడ, మధ్యాహ్నానికి మునగాల. ఆ మునగాల పరగణా అప్పటికి కృష్ణా జిల్లాదే, నైజాం పొట్టలో చిక్కుకుపోయింది. సొంత జిల్లాలో అడుగుపెట్టడానికి పరాయి రాజ్యం దాటాల్సొచ్చిందన్నమాట! వెనక్కి తగ్గుతూ నైజాం బలగాలు మూసీ వంతెన పేల్చి నన్ను రెండు ముక్కలు చేశాయి. పేల్చినవాళ్ళు అక్కడ కాపలా అన్నా కాయలేదు, సైన్యం చకచకా అతుకేసుకుని సాగిపోయింది. షోలాపూరు వైపు నుంచి జనరల్ చౌదరి వచ్చాడు. 17న నిజాం లొంగిపోయాడు.

బెజవాడ కొసన యుద్ధం అయిదు రోజుల్లో ముగిసింది. సూర్యాపేట కొసన ముగియలేదు. పారిపోయిన దొరలు సైన్యం వెనకాలే గడీలకు తిరిగొచ్చి, రైతులు పంచుకున్న భూములు లాక్కున్నారు. హైదరాబాదు రాజ్యంలో ఆ రోజుల్లో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా. అందులో ఎక్కువమంది ముస్లింలే. డెల్టా కూడా ఒడ్డున కూర్చోలేదు. 1949లో ఉయ్యూరు పక్క కాటూరులో కమ్యూనిస్టుల వేటకొచ్చిన మలబారు పోలీసులు మగవాళ్ళ బట్టలూడదీసి గాంధీ విగ్రహం చుట్టూ తిప్పారు.

నిజాం పోయాక తుపాకీ దించాలా వద్దా అని కమ్యూనిస్టులు చీలారు. కోస్తా నాయకులు సుందరయ్య, బసవపున్నయ్య సాగించాలన్నారు. నల్లగొండ రావి నారాయణరెడ్డి ఆపాలన్నారు. ప్రాణాలు పోయేది మా ఊళ్ళలో, తీర్మానాలు మీ ఊళ్ళోనా అన్న కోపం అందులో ఉందనే నా అనుమానం. అయితే నా మీద గీత గీసి, అటు వాళ్ళంతా ఒకటి, ఇటు వాళ్ళంతా ఒకటి అంటే నేనొప్పుకోను. దేవులపల్లి వెంకటేశ్వరరావు తెలంగాణ మనిషే, ఆయనా సాగించాలన్నవాడే.

1951 అక్టోబరు 21న పోరాటం విరమించారు. మరుసటి ఏడు ఎన్నికల్లో నల్లగొండ జనం ఆపమన్న రావి నారాయణరెడ్డికి నెహ్రూను మించిన ఓట్లు వేసి లోక్‌సభకు పంపారు.