కిరాయి కట్టక ముందే లాభమా?

రాత్రి పదింటికి హోటల్ ముందు చెక్క పలకలు ఒక్కొక్కటే బిగించి, గల్లా పెట్టె బల్ల మీద బోర్లిస్తే ఆ రోజు సంగతి తేలిపోయేది. పాలాయనకు ఇంత, కట్టెలకు ఇంత, కిరాణా సేటుకు ఇంత, పనోళ్ల కూలి ఇంత, ఇంటి కిరాయి కింద రోజుకు ఇంత అని పక్కన పెట్టాక మిగిలిందే లాభం. మిగలకపోతే లేదు. మా నారాయణఖేడ్ బస్టాండు దగ్గర హోటల్లో నేను గుమాస్తాగా కూర్చున్న రోజుల్లో లాభానికి ఒకటే అర్థం, ఒకటే అంకె.

ఇప్పుడు ఎన్ని లాభాలో! హైదరాబాద్‌లో ఓ పెద్ద హోటల్లో లెక్కల సెక్షన్‌లో పనిచేసే మా మనవడు దసరాకు వచ్చి, జమ్మి పెట్టి కాళ్లు మొక్కి, వెంటనే ల్యాప్‌టాప్ తెరిచాడు. అందులో జీవోపీ అని ఒక లాభం, ఎబిట్డా అని ఇంకో లాభం, పన్నుకు ముందొకటి, పన్ను తర్వాత ఒకటి, ఎప్పుడో ఒకసారి వచ్చే రాబడి కలిపితే ఒకటి, తీసేస్తే ఒకటి.

"ఇన్నిట్ల మీ సేటు ఇంటికి తీస్కపోయేది ఏదిరా?" అన్నాను.

"మా దాంట్ల సేటు ఉండడు తాతా, షేర్‌హోల్డర్లు ఉంటరు."

"వాళ్లకన్న తెలుసునా?"

నవ్వాడు. నవ్వడం జవాబు కాదని మా కాలంలో పిల్లలకు చెప్పేవాళ్లు.

మా లెక్క ఎట్లా ఉండేదో చెప్తాను. 1956 నవంబరు 1 దాకా మా తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది, ఆ తర్వాత మెదక్‌లో కలిసింది. అందుకని హోటల్లో ఆర్డరు ఉర్దూలో, బేరం కన్నడంలో, తిట్లు మరాఠీలో, పద్దులు తెలుగులో నడిచేవి. గిరాకి తిని లేచి చెయ్యి కడుక్కుని వస్తుంటే, సర్వరు వెనక నుంచి గల్లా దాకా వినపడేట్టు కేకేసేవాడు, "ఆగే దో చాయ్, ఏక్ మిర్చీ, డేఢ్ రుపయా!" అని. కాగితం బిల్లు లేదు. గల్లా మీద కూర్చున్నవాడి చెవే బిల్లు పుస్తకం. సర్వరు తన దోస్తుకు మూడు మిర్చీలు పెట్టి ఒక్కటే కేకేస్తే? దానికీ మందుండేది. మిర్చి పళ్లెం పొద్దున లెక్కపెట్టి లోపలికి పంపేవాళ్లం, రాత్రి మిగిలినవి లెక్కపెట్టేవాళ్లం.

చాయ్‌కి పాలే సాక్షి. మా దగ్గర లీటరు పాలకు ఇరవై కప్పులని కొలత. పొద్దుటి నుంచి పది లీటర్లు పోస్తే రెండు వందల కప్పుల పైసలు గల్లాలో ఉండాలి. పనోళ్లు తాగినవి, ఒలికినవి, కానిస్టేబుల్‌కి ఇచ్చినవి కలిపి పదీ పదిహేను కప్పుల తేడా ఒప్పుకునేవాళ్లం. ముప్పై తేడా వచ్చిందంటే, పాలాయన నీళ్లు కలిపాడా, చాయ్ మాస్టర్ చిక్కగా పెడుతున్నాడా, గల్లాలో చెయ్యి పడిందా అని ఆ రాత్రే తేల్చాలి. తెల్లారితే సాక్ష్యం ఉండదు. పాలన్నీ తాగేసి ఉంటారు కదా.

ఉద్దెరకు వేరే పుస్తకం ఉండేది. పంతుళ్లు, ఆర్టీసీ డ్రైవర్లు, తహసీలు ఆఫీసు గుమాస్తాలు ఒకటో తారీఖుకు తీర్చేవాళ్లు. తండాలవాళ్లు దీపావళి దాటగానే చెరుకు కొట్టడానికి వెళ్లిపోయి ఉగాదికి గాని తిరిగి రారు. వాళ్ల బాకీ అప్పటిదాకా ఆ పుస్తకంలోనే పడుకునేది. చేతికొచ్చిన రోజే చిట్టాలో జమ. మా మనవడు దీనికి నవ్వుతాడు. వాళ్ల దగ్గర బిల్లు కొట్టిన రోజే రాబడి రాస్తారట. ఏదో కంపెనీ తన మనుషులకు యాభై గదులు తీసుకుని తొంభై రోజుల తర్వాత డబ్బు కట్టినా, రాబడి మాత్రం ఈ నెలదే. "ఇయ్యకపోతే?" అంటే, రాని బాకీ కింద ముందే కొంత తీసి పెడతారట. రాదని అనుమానం ఉన్నదాన్ని వచ్చిందని రాసి, ఆ అనుమానాన్ని మళ్లీ ఖర్చు రాయడం! ఆ పద్ధతి తప్పని నేననను. పెద్ద యాపారానికి అదే కావాలేమో. కానీ అంత చుట్టు తిరిగి వచ్చేది మా ఉద్దెర పుస్తకం దగ్గరికే.

మా రోజులన్నీ సత్తెకాలపు రోజులని అనుకోకండి. ప్రతి హోటల్లో కచ్చా బుక్కు ఒకటి, పక్కా బుక్కు ఒకటి. అమ్మకం పన్ను సారు వచ్చినప్పుడు బల్ల మీదికొచ్చేది పక్కాది. అందులో మా హోటల్ ఎన్నడూ బాగుపడింది లేదు. ఆ విషయంలో ఇప్పటి పద్ధతే నయమని ఒప్పుకుంటాను. లిస్టెడ్ కంపెనీ అయితే మూడు నెలలకోసారి, క్వార్టర్ ముగిసిన 45 రోజుల్లో, సంవత్సరం లెక్కయితే 60 రోజుల్లో లోకమంతా చూసేట్టు ఫలితాలు బయటపెట్టాలి. మా సేటుకు ఆ బాధ లేదు. ఆయన లెక్క అడిగేది సేటమ్మ ఒక్కతే. ఆమెకు మాత్రం గడువు లేదు, ఏ రాత్రైనా అడిగేది.

ఇక మనవడు చెప్పిన రెవ్‌పార్ సంగతి. దీన్ని అర్థం చేసుకోవడానికి నాకు ఒక పూట పట్టింది, అర్థమయ్యాక కోపం ఎక్కువైంది. హోటల్లో వంద గదులు. రోజుకు డెబ్బై నిండాయి, గదికి సగటు ధర 6,000. మొత్తం రాబడిని ఉన్న వంద గదులకూ పంచితే గదికి 4,200. అదే రెవ్‌పార్. ఖాళీ గది కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి మంచి కొలతే. ఒక్క ధర చూసి మురిసిపోకుండా, ఒక్క నిండుదనం చూసి చంకలు గుద్దుకోకుండా రెండూ కలిపి చూపిస్తుంది. బానే ఉంది.

"మరి అరవై గదులే నిండి, ధర ఏడు వేలు అయితే?" అన్నాను.

"అప్పుడు సుత గదే 4,200 తాతా."

"రెండూ ఒకటేనా? డెబ్బై గదులైతే డెబ్బై గదుల దుప్పట్లు ఉతకాలె, సబ్బులు పెట్టాలె, ఏసీలు తిరగాలె. అరవైల ఎక్కువ మిగుల్తది గద."

వాడు కొంచెం సేపు నా మొహం చూశాడు. దానికి గోప్‌పార్ అని వేరే కొలత ఉందట, ఖర్చులు తీసేశాక గదికి మిగిలేది. మరి అది ముందు చెప్పాలి కదా? పేపర్లో వచ్చేది రెవ్‌పార్, మీటింగులో చప్పట్లు కొట్టేది రెవ్‌పార్‌కు. గదులు బుక్ చేసే పోర్టళ్లు పదిహేను, ఇరవై శాతం కమీషన్ కోసుకున్నాక చేతికొచ్చేది ఎంతని అడిగితే అది ఇంకో పేజీలో ఉంటుందట.

అసలు గొడవ జీవోపీ, ఎబిట్డాల దగ్గర. హోటళ్లకు ఒకే తీరు లెక్కలుండాలని న్యూయార్క్ హోటళ్ల సంఘం 1926లోనే ఒక పద్ధతి అచ్చేసింది. దాన్నే మార్చుకుంటూ లోకమంతా వాడుతున్నారు. గదుల రాబడి వేరు, తిండి రాబడి వేరు, కరెంటు, రిపేర్లు, ప్రచారం అన్నీ వేరువేరుగా రాసి, ఒక చోట గీత గీస్తారు. ఆ గీత మీద తేలేది జీవోపీ. కిరాయి, ఇంటిపన్ను, బీమా, బ్యాంకు వడ్డీ, తరుగుదల అన్నీ ఆ గీత కిందే. ఎందుకట? నడిపే మేనేజరు చేతిలో ఉన్నదేదో, లేనిదేదో విడదీయడానికట. ఇది సబబే. కిరాయి ఎక్కువని చాయ్ మాస్టర్‌ను తిట్టి లాభం లేదు.

కానీ పెద్ద హోటళ్లలో భవనం ఒకరిది, నడిపే పేరు ఇంకొకరిది. బంజారాహిల్స్‌లో తాజ్ కృష్ణ చూడండి, యజమాని, జీవీకే కుటుంబమూ తాజ్ హోటళ్ల కంపెనీ ఇండియన్ హోటల్సూ కలిసి పెట్టిన తాజ్ జీవీకే; నడిపింది తాజ్. ఈ రంగంలో మామూలు ఒప్పందం ఏమిటంటే, నడిపేవాళ్లకు మొత్తం అమ్మకం మీద కొంత శాతం, ఆపైన జీవోపీ మీద కొంత శాతం. అంటే గీత మీద ఉన్నవాళ్లు తిని లేచాక, గీత కింద ఉన్న యజమాని వడ్డీ కట్టుకుని, పన్ను కట్టుకుని, ఏమన్నా మిగిలితే తింటాడు. నడిపేవాళ్లకు మంచి సంవత్సరం, యజమానికి నష్టపు సంవత్సరం ఒకటే కావచ్చు. మా సేటు ఇలాంటి ఒప్పందం వింటే పుస్తకం నా నెత్తిన కొట్టేవాడు.

దీనికి పైన 2019 ఏప్రిల్ 1 నుంచి ఇండ్ ఏఎస్ 116 అని ఇంకో లెక్క వచ్చింది. ఇరవై ఏళ్లకు భవనం కిరాయికి తీసుకుంటే, ముందు ముందు కట్టాల్సిన కిరాయంతా ఇవాళ్టి విలువ కట్టి అప్పుగా రాయాలి. భవనం వాడుకునే హక్కును ఆస్తిగా రాయాలి. నెలనెలా కట్టే కిరాయి ఇక కిరాయిలా కనిపించదు. కొంత తరుగుదల వేషం వేసుకుని, కొంత వడ్డీ వేషం వేసుకుని ఎబిట్డా కిందికి దిగిపోతుంది. వడ్డీ, పన్ను, తరుగుదల తీయక ముందు తేలే లాభమే కదా ఎబిట్డా. అమ్మకంలో ఇంత శాతం అని మాట్లాడుకున్న కిరాయి ఒక్కటే పాత పద్ధతిలో ఖర్చుగా ఉంటుంది. ఇంటాయనకు ఇచ్చే పైకం రూపాయి కూడా తగ్గలేదు, ఒక్క గిరాకి కూడా పెరగలేదు, ఎబిట్డా మాత్రం ఎగిరి కూర్చుంటుంది.

మనవడు దీన్ని గట్టిగా సమర్థించాడు. ఇదివరకు ఆ ఇరవై ఏళ్ల కిరాయి బాధ్యత ఎక్కడో చివరి పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉండేదనీ, ఇప్పుడు అప్పు అప్పుగా ముందే కనపడుతోందనీ. నిజమే, అప్పు పేజీ తీసేవాడికి కనపడుతుంది. ఆ పేజీ ఎవడు తీస్తాడు? హెడ్డింగులో పెద్దక్షరాల్లో ఉండేది ఎబిట్డా శాతమే.

2024 జులై-సెప్టెంబరు ఫలితాలే తీసుకోండి. ఇండియన్ హోటల్స్ లాభం 555 కోట్లు, అంతకు ముందు ఏడాది అదే మూడు నెలల్లో 167 కోట్లు. మూడు రెట్లు దాటింది! మా బజార్లో షేర్లు కొనే కుర్రాళ్లు ఎగిరి గంతేశారు. లోపల చూస్తే, అందులో 307 కోట్లు గది అమ్మితే వచ్చినవి కావు, బిర్యానీ అమ్మితే వచ్చినవీ కావు. విమానాలకు భోజనాలు పంపే తాజ్‌శాట్స్ అంతవరకూ ఉమ్మడి కంపెనీగా ఉండి, ఆ క్వార్టర్లో అనుబంధ సంస్థ అయింది. అందుకని పాత వాటాకు కొత్త విలువ కట్టారు, ఆ పెరుగుదల లాభంలోకి వచ్చింది. అది తీసేస్తే పెరుగుదల సగం దగ్గర ఆగుతుంది, అది కూడా తక్కువేం కాదు. కంపెనీవాళ్లు దాచలేదు, వేరే గీతలో రాసే చూపించారు. చదివేవాళ్లే మొదటి గీత దగ్గర ఆగిపోయారు. కరోనా ఏడాది మాత్రం ఎవరికీ ఏ గీతా వెతకాల్సిన పని పడలేదు. అదే కంపెనీ రాబడి 2019-20లో 4,463 కోట్లుంటే 2020-21లో 1,575 కోట్లకు పడింది, నష్టం 720 కోట్లు. ఆ సంవత్సరం మా ఖేడ్‌లో కూడా అన్ని పేర్ల లాభాలూ ఒకటే అయ్యాయి.

ఊళ్లో ఇప్పటి హోటళ్ల తీరు చెప్పనా? సర్వరు కేక పోయింది. గల్లా మీద డబ్బా ఒకటి కూర్చుని పది రూపాయలు ముట్టాయని అదే అరుస్తుంది. రాత్రికి గల్లాలో చిల్లర తప్ప ఏం ఉండదు. పైసలు బ్యాంకులో పడతాయి, పడ్డవి పడ్డట్టే బండి కిస్తీకి, ఫ్రిజ్ కిస్తీకి కట్ అవుతాయి. నెలాఖరుకు ఓనరు నా దగ్గరికొచ్చి, "పెద్దాయనా, గిరాకి మంచిగనే ఉన్నది, పైసలు ఏడబోతున్నయో సమజైతలేదు" అంటాడు. సర్కారు హోటల్ తిండి మీద 5 శాతం జీఎస్టీ పెట్టింది, కానీ కొన్న సరుకు మీద కట్టిన పన్ను తిరిగి రాదు. నీలం రంగు పందొమ్మిది కిలోల గ్యాస్ బండ మీద కట్టిన 18 శాతం వచ్చి చాయ్ ఖర్చులోనే కలుస్తుంది. లాడ్జి గదులకూ అంతే. వెయ్యి లోపు గదికి 2022 జులై దాకా పన్నే లేదు, తర్వాత 12 శాతం పెట్టారు, 2025 సెప్టెంబరు 22 నుంచి 5 చేశారు, కట్టిన పన్ను వెనక్కి రాదనే షరతు మీద. తగ్గిందని సంబరపడి రంగులు వేయించిన లాడ్జి ఓనరుకు, ఆ రంగుల మీద కట్టిన పన్ను తన నెత్తినే ఉందని తర్వాత తెలిసింది.

ఆ ఓనరే ఇప్పుడు పైన ఇంకో అంతస్తు వేస్తానన్నాడు. నిజాంపేట నుంచి మా ఊరి మీదుగా బీదర్ పోయే రోడ్డు జాతీయ రహదారి అయింది, లారీలు పెరిగాయి, బేరం ఉంటుందని ఆశ. బ్యాంకువాళ్లు మూడేళ్ల రిటర్నులు, జీఎస్టీ కాగితాలు, రాబోయే సంవత్సరాల అంచనా అడిగారు. సంగారెడ్డి నుంచి ఒక ఆడిటర్ దగ్గర పనిచేసే పిల్లగాడు వచ్చి ఒక పూటలో తయారుచేసి ఇచ్చాడు. నాకు చూపించారు. మొదటి ఏడు గదులు 50 శాతం నిండుతాయి, రెండో ఏడు 55, మూడో ఏడు 60, నాలుగో ఏడు 65. నెలవారీ లేదు. ప్రతి నెలా ఒకటే.

"ఆషాఢంల సుత అరవై నిండుతదా బాబూ? లగ్గాలుండవు, పొలం పనులు, ఎవడొస్తడు లాడ్జికి?" అన్నాను.

"సాఫ్ట్‌వేర్ల ఆషాఢం ఉండదు తాతా" అన్నాడు పిల్లగాడు, చాలా మర్యాదగా.

ఆషాఢానికి పదిహేను, మూఢం నెలలకు ఇరవై, లగ్గాల నెలలకు తొంభై రాసి, సగటు తీయమన్నాను. అట్లా రాస్తే నలభై కూడా దాటలేదు. ఆ అంకెకు బ్యాంకు అప్పు ఇవ్వదని ఓనరు నా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు, పిల్లగాడి కాగితం బ్యాంకులో ఇచ్చాడు. అప్పు వచ్చింది. పోయిన నెల స్లాబ్ కూడా వేశారు. మొదటి కిస్తీ ఆషాఢంలో కట్టాలట.