తెనాలి రామకృష్ణుడు చాలడు!

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వీరులారా! తెనాలి దగ్గరి కొలకలూరు పెళ్లివారి శుభలేఖ మీ తర్వాతి వెర్షన్ కోసం ఆగదు. సిలికానాంధ్ర సంస్థ ఉచితంగా ఇచ్చిన ఫాంట్లలో 'తెనాలి రామకృష్ణ' కూడా ఉంది, సంతోషం. కానీ పేజీలు కూర్చే మీ ఉచిత సాఫ్ట్‌వేర్ స్క్రైబస్‌లో తెలుగు ఒత్తులు పేర్చగల స్థిరమైన వెర్షన్ వచ్చింది 2024లో! అందాకా పెళ్లికూతురు 'లక్ష్మి' పేరులో ఒత్తు జారకుండా కాసింది డబ్బుకు అమ్మిన అను ఫాంట్లూ, పేజ్‌మేకరూ. "ఆ అను ఫాంట్ల ఫైలు వేరేచోట తెరిస్తే పిచ్చిగీతలేగా?" అంటారు. నిజమే, పెద్ద లోపమే. అయినా 2004లో అడోబ్ పేజ్‌మేకర్ అభివృద్ధి ఆపేసినా డీటీపీ ఆపరేటర్ల వేళ్లు ఆగలేదంటే పనితనం ఎక్కడుందో తెలుస్తూనే ఉంది. వాదనలు చాలించి, పాత అను ఫైళ్లు తెరిచే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి తెనాలి డీటీపీ కొట్లకు పట్టుకురండి.